బియ్యం డబ్బా వెనుక గ్లాసు

డిసెంబర్ 24, 2025. బుధవారం

ల్యాబ్‌లో సెలవు దొరికింది. రేపు మా ఇంట్లో భోజనానికి పదిహేడు మంది. బగారన్నం, మటన్, ఫ్రూట్ కస్టర్డ్. కస్టర్డ్ గిన్నె మా ఫ్రిజ్‌లో పట్టలేదు, పై ఫ్లోర్‌లో సీతామహాలక్ష్మి ఆంటీ ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను. మా ఆయన ఎబినేజర్ స్టూలెక్కి బాల్కనీలో స్టార్ కట్టాడు, తలకిందులుగా. ఎవరికి తెలుస్తది అన్నాడు. నాకు తెలుస్తుంది. ఎవరు ఎక్కడ తప్పు చేసినా నాకు ముందు తెలుస్తుంది, అదే నా జబ్బు. దింపించి మళ్ళీ కట్టించాను.

డిసెంబర్ 25. సాయంత్రం 6:40

ఈరోజు సంగతి రేపు రాస్తాను.

డిసెంబర్ 26, శుక్రవారం. ఉదయం 5:50

ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి.

నిన్న మధ్యాహ్నం నేను విస్కీ తాగాను.

నేను. రెబెక్కను. సరూర్‌నగర్ చర్చిలో పదకొండేళ్ళుగా సండే స్కూల్ టీచర్‌ని. మా నాన్న సారా తాగి తాగి నలభై నాలుగేళ్ళకే పోతే, నాకప్పుడు పదిహేడు, ఆ వాసన ఉన్న ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్నదాన్ని. చెల్లెలు గ్రేస్ భర్త ఆనంద్ కుమార్ తాగుతున్నాడని తెలిసినప్పుడు, పాస్టర్ సుందరయ్య గారిని వెంటబెట్టుకుని ఎల్‌బీ నగర్‌లో వాళ్ళింటికి వెళ్ళిందీ నేనే. అతన్ని సంఘం ముందు నిలబెట్టి ఒప్పించిందీ నేనే. ఎనిమిదేళ్ళయింది. ఆ రోజు గ్రేస్ అందరి ముందూ ఒక మాట అంది. ఇంకొక్కసారి వాసనొస్తే బిడ్డను తీసుకొని పోతా, మళ్ళ రాను అని. ఆ మాట నేను నేర్పించి అనిపించిందే. ఆనంద్ అప్పటి నుంచి ముట్టలేదు.

నిన్న భోజనాలు అయిపోవచ్చాక కస్టర్డ్ తేవడానికి పైకి వెళ్ళాను. ఆంటీది భీమవరం. రిటైరైన లెక్చరర్, ఒంటరి మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మా ఇంట్లో ముందే భోంచేసి, తమ్ముడొచ్చాడంటూ పైకి వెళ్ళిపోయింది. వెళ్ళి చూస్తే ఇద్దరూ బాల్కనీ తలుపు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో ఒక సీసా. దాచే ప్రయత్నం కూడా చేయలేదు. పండగ పూట నేనో చుక్క వేసుకుంటానమ్మాయ్, నీకు తెలియనిదేవుంది అంది. నాకు నిజంగా తెలియదు.

తమ్ముడు సింగపూర్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో కొన్నాడట. సింగిల్ మాల్ట్ స్కాచ్. అందులోనూ తేలిక రకమట, పొగ వాసన ఉండదట. ఆడవాళ్ళకి సరిపోయేదని వీడంటాడు, వీడి బొంద, నాకు ముదురు రకమే ఇష్టం అంది ఆంటీ. ఆ తమ్ముడు నవ్వుతూ ఒక గ్లాసులో కొంచెం పోసి నా ముందు పెట్టాడు. వాసన చూస్తే పాపం రాదులే అంది ఆంటీ.

చూశాను. మా నాన్న వాసన వస్తుందని, వస్తే ముఖం చిట్లించి ఆ గ్లాసు పక్కకి నెట్టేసి ఆంటీకి నాలుగు మంచి మాటలు చెప్పాలని సిద్ధంగా ఉన్నాను. ఆ వాసన రాలేదు. పచ్చి జామకాయ వాసన వచ్చింది. దాని వెనక నిమ్మ తొక్క. రంగు కూడా ఎండుగడ్డి రంగు, అంత లేత. ఆంటీ చెంచాతో నాలుగు చుక్కల నీళ్ళు వేసి, ఇప్పుడు చూడు విచ్చుకుంటుంది అంది. నిజంగానే తేనె వాసన వచ్చింది. తాగాను. నాలుక మీద తీపి, గొంతులో వెచ్చన, దిగిపోయాక ఎక్కడో చిన్నగా మిరియం.

బాగుంది.

బాగుండటమే నా గొడవ. చేదుగా ఉంటే ఉమ్మేసి వచ్చి ఆదివారం పిల్లలకి పాఠంగా చెప్పుకునేదాన్ని. కాళ్ళు కూర్చున్నచోటే ఉండిపోయాయి. పొద్దున నాలుగింటి నుంచి నిలబడ్డ నడుము నొప్పి కూడా ఎటో పోయింది. మా నాన్న తాగింది ఇది కాదని తెలుసు. అయినా ఆయన ఎందుకు ఆపలేకపోయాడో ఒక్క నిమిషం అర్థమైంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అర్థం కాకుండా జాగ్రత్తపడ్డ సంగతి అది.

ఇంకొంచెం పోయమని నేనే అడిగాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. గాజు గ్లాసులో రంగు కనబడుతుందని స్టీలు గ్లాసు అడిగి పోయించుకున్నాను. ఎవరికీ చెప్పకండి ఆంటీ అని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. కస్టర్డ్ గిన్నె మూత మీద ఆ గ్లాసు పెట్టుకుని మెట్లు దిగాను. మధ్యలో ఎదురొచ్చిన వాచ్‌మన్‌కి హ్యాపీ క్రిస్మస్ చెప్పాను కూడా.

వంటింట్లో బియ్యం డబ్బా వెనుక పెట్టాను. అందరూ వెళ్ళాక అంట్లు తోముకుంటూ మెల్లగా తాగుదామని. అక్కడే ఎందుకు పెట్టానో నిన్న ఆలోచించలేదు. రాస్తుంటే తెలుస్తోంది. ఆనంద్ తన సీసాలు బియ్యం డబ్బా వెనుకే దాచేవాడు. గ్రేస్ ఏడుస్తూ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. దాచుకునే చోటు కూడా అతని కథలోంచే నేర్చుకున్నాను.

హాల్లో అందరికీ కస్టర్డ్ పంచి, ఖాళీ కప్పులు తీసుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గ్రేస్ నాకు అడ్డంగా నిలబడి ఉంది. ఆనంద్ సింకు దగ్గర ఉన్నాడు. చేతిలో నా గ్లాసు.

ఎబినేజర్ ఉప్పు తెమ్మని అతన్ని పంపాడట. ఉప్పు డబ్బా బియ్యం డబ్బా పక్కనే ఉంటుంది. ఉప్పు కోసం చెయ్యి పెడితే ఇది తగిలింది, ఎవరిదో తెల్వదు, పారబోస్తున్న అన్నాడు. గ్రేస్ గ్లాసు లాక్కుని వాసన చూసింది. బియ్యం డబ్బా ఎనక, అంది. అంతే అంది. నేను తాగలే గ్రేస్, దేవుని తోడు అన్నాడు. దగ్గరికి వెళ్ళి అతని నోరు వాసన చూసింది. ఉల్లిగడ్డ. అన్నంలో అందరమూ ఉల్లిగడ్డ తిన్నాం. కానీ పాత రోజుల్లో అతను వాసన తెలియకుండా ఉల్లిగడ్డే నమిలి ఇంటికొచ్చేవాడు. ఇంకా గవే ఏషాలా అంది గ్రేస్.

నేను అక్కడే ఉన్నాను. చేతిలో ఎనిమిది ఖాళీ కప్పులు. ఆ గ్లాసు నాది అనాలి. నోరు తెరిచాను కూడా. హాల్లో పాస్టర్ గారి నవ్వు వినిపించింది, మూసేశాను.

ఆనంద్ ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు డ్రైవర్. వాళ్ళ షెడ్డు పెద్ద అంబర్‌పేట్‌లో. పొద్దున డ్రైవర్లంతా మిషన్‌లో ఊదాలి, సున్నా వస్తేనే బస్సు తాళం ఇస్తారు. సెలవు రోజైనా వాచ్‌మన్ జానయ్య దగ్గర మిషన్ ఉంటుంది. పా గ్రేస్, గిప్పుడే పోదాం, జానయ్య ముందట ఊదుతా, సున్నా రాకుంటే నువ్వు ఏమంటే అది అన్నాడు.

ఊది ఉంటే అరగంటలో తేలిపోయేది. తేలితే మరి గ్లాసు ఎవరిదని అడుగుతారు.

గ్రేస్ భయపడింది. ఇప్పుడే తాగినోడు పోయి ఊదితే నౌకరి పోతది అక్కా, ఏం చెయ్యాలె అని అడిగింది. నన్నే అడిగింది. చిన్నప్పటి నుంచీ ఏదైనా నన్నే అడుగుతుంది. పండుగ పూట రచ్చ వద్దు, పోనియ్యకు, నౌకరి పోతే బిడ్డ చదువెట్ల అన్నాను. టీవీ దగ్గరున్న అతని బండి తాళం తీసి గ్రేస్ చేతిలో పెట్టి దాచమన్నాను. నేనే.

ఆనంద్ నా వైపు చూశాడు. కోపం లేదు. వదిన చెప్పిందంటే ఇక అంతే అన్నట్టు తల దించుకుని చెప్పులు వేసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రోకి నడిచి వెళ్ళాడు. గ్రేస్, బిడ్డ జ్యోతిక మా ఇంట్లోనే ఉండిపోయారు. ఇప్పుడు పక్క గదిలో పడుకుని ఉన్నారు.

సిగ్గుగా ఉంది. సిగ్గు అన్న మాట ఇంత చిన్నదని ఇప్పటిదాకా తెలియదు.

అదే రోజు. సాయంత్రం

మర్చిపోయాను. నిన్న ఎబినేజర్ దగ్గరికొచ్చి ఏందో వాసనొస్తుంది నీ దగ్గర అన్నాడు. గ్యాస్‌కి హోమియో చుక్కలు వేసుకున్నానని చెప్పాను. జర చూసి ఏసుకో, అందులో స్పిరిట్ ఉంటదంట అన్నాడు. నమ్మేశాడు. కళ్ళ ముందే అంత గొడవ జరిగింది. అయినా నన్ను అనుమానించాలని ఆ మనిషికి తట్టనే లేదు.

డిసెంబర్ 27, శనివారం

ఆనంద్ పొద్దున షెడ్డు నుంచి గ్రేస్‌కి ఫోటో పంపాడు. మిషన్ మీద సున్నా. రెండ్రోజులైనంక ఎవలకైనా సున్నానే వస్తది అంది గ్రేస్, ఫోను బోర్లా పెట్టేసింది.

జ్యోతికకి జడ వేస్తున్నాను. తొమ్మిదో తరగతి, మాకు పిల్లల్లేరు కాబట్టి సగం నా బిడ్డే. పెద్దమ్మా, డాడీ పోయేటప్పుడు లిఫ్ట్ దగ్గర నన్ను పట్టుకున్నడు, నేను నోరు వాసన చూసిన, ఉల్లిగడ్డ తప్ప ఏం లేదు, మమ్మీకి చెప్తే ఇంటలేదు, నువ్వు చెప్తే ఇంటది అంది.

చిన్నపిల్లలకు గవన్నీ తెల్వవు బిడ్డా అన్నాను. జడ గట్టిగా లాగానేమో, అబ్బా అంది.

డిసెంబర్ 28, ఆదివారం

ఆనంద్ చర్చికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఇస్త్రీ అతనే చేసుకున్నట్టున్నాడు, ఒక చేతి మీద రెండు గీతలున్నాయి. చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆ బెంచీలో ఇంకెవరూ కూర్చోలేదు. గ్రేస్ పాస్టర్ గారికి చెప్పేసింది, మిగతావాళ్ళకి ఎలా తెలిసిందో అడగనక్కర్లేదు.

ఆరాధన అయ్యాక పాస్టర్ గారు అతన్ని పిలిచారు. నన్నూ రమ్మన్నారు, మొదటిసారి మాన్పించింది నేను కాబట్టి. జనవరి నాలుగున ప్రభువు బల్ల ఉంది కదా ఆనంద్, ఈసారి రొట్టె, రసం ముట్టకు, వెనకాల కూర్చో, మార్చి నాటికి చూద్దాం అన్నారు. మెత్తగానే అన్నారు. సరే అయ్యగారు అన్నాడు. ఎదురు చెప్పలేదు. చెప్పినా ఎవరు వింటారని అనుకుని ఉంటాడు.

ఎనిమిదేళ్ళ కింద తాగినట్టు ఒప్పుకున్నప్పుడు సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఇప్పుడు తాగనందుకు వెనక బెంచీ ఇచ్చాం. ఇచ్చాం అని రాయడం కూడా తప్పించుకోవడమే. ఇప్పించాను.

బయట చెప్పుల దగ్గర ఆగి నాతో, గ్రేస్‌ను జర ఇంటికి పంపున్రి వదినా, వండుకుంటున్న గానీ తినబుద్ధైతలేదు అన్నాడు. చూస్తానన్నాను. ఏం చూస్తాను? ఇంటికొచ్చేసరికి గ్రేస్, కొత్తపేటల ఏదన్న ఒక రూము కిరాయికి చూడు బావా అని ఎబినేజర్‌ని అడుగుతోంది. వచ్చే జూన్‌లో జ్యోతిక స్కూలు మార్పిస్తుందట. అంటే తాత్కాలికం కాదు.

డిసెంబర్ 29

ల్యాబ్‌లో ఒక పెద్దాయనకి రక్తం తీయడానికి మూడుసార్లు గుచ్చాను, నరం దొరకలేదు. పర్వాలేదమ్మా అన్నాడు. ఏడుపొచ్చింది.

డిసెంబర్ 30, మంగళవారం. సాయంత్రం 7:15

గ్రేస్ రూము చూసి వచ్చింది. వంటిల్లు ఇంతేనట, స్టౌ పెడితే మనిషి పట్టదట. మేమిద్దరమే గదా, చాలు అంది. గోడ వైపు చూస్తూ అంది. ఇక లాభం లేదని చెప్పేశాను.

చెప్పాను అంటే ఎలా చెప్పానో రాయాలి. ఆ గ్లాసు నాదే గ్రేస్ అన్నాను. కడుపునొప్పిగా ఉందంటే పైన ఆంటీ మందులాగా కొంచెం ఇచ్చింది, పెదాలకి తగిలించానంతే, వాంతొచ్చింది, పారబోద్దామని తెచ్చి మర్చిపోయాను అన్నాను. ఇందులో గ్లాసు నాదన్న మాట ఒక్కటే నిజం. ఒప్పుకోవడంలో కూడా నా మర్యాద నేను చూసుకున్నాను.

గ్రేస్ వచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది. నా సంసారం నిలబెట్టనీకి నువ్వు ఇంత అబద్ధం ఆడతవా అక్కా, నువ్వు, ఆ వాసనకే వాంతి చేసుకునేదానివి, గింత పేరున్నదానివి అంది. నిజమే చెప్తున్న అన్నాను. ఊకో అక్కా అంది.

ఆంటీకి ఫోన్ చేశాను. ఇరవై ఆరున తమ్ముడితో వైజాగ్ వెళ్ళింది. స్పీకర్ పెట్టాను. ఆంటీ, క్రిస్మస్ రోజు మీ ఇంట్లో నేను విస్కీ తాగాను కదా, గ్రేస్‌కి చెప్పండి అన్నాను. ఆంటీ మొదలుపెట్టింది. ఏవిటమ్మా గ్రేస్, మీ అక్క చేత ఇలాంటి మాటలు అనిపిస్తావా, బంగారంలాంటి మనిషి, ఆవిడ కస్టర్డ్ తీసుకుని గుమ్మంలోంచే వెళ్ళిపోయింది, అయినా మా ఇంట్లో మందేవిటి, మజ్జిగ తప్ప అంది. ఫోన్లోనే కళ్ళు తుడుచుకున్నట్టు గొంతు కూడా మార్చింది. నేనే కదా ఒట్టు వేయించుకున్నాను. నేనేదో ఇరుకులో పడి అడుగుతున్నానని మహాతల్లి ఒట్టు నిలబెట్టుకుంది.

పది నిమిషాల తర్వాత ఆంటీ మెసేజ్ వచ్చింది. ఎలా కవర్ చేశానో చూశావా, నువ్వు తాగిన సంగతి నాతోనే పోతుంది. కింద రెండు బొటనవేళ్ళు.

అది చూపిస్తే చాలు. అన్నీ తేలిపోతాయి. గ్రేస్ పక్కనే కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఉంది. మా అక్కలాంటి అక్క ఎవరికుంటది అంటోంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

మెసేజ్ డిలీట్ చేశాను.

డిసెంబర్ 31

చేసిన పని ఈ పుస్తకంలో ఉంది. చించేద్దామనుకున్నాను. చించలేదు.

జనవరి 1, 2026. గురువారం. మధ్యాహ్నం

కొత్త సంవత్సరం పొద్దుటి ఆరాధనలో సాక్ష్యాలు చెప్పుకుంటాం. ఒకరి తర్వాత ఒకరు లేచి పోయిన ఏడాది దేవుడు చేసిన మేలు చెప్పాలి. గ్రేస్ లేచింది. ఎప్పుడూ లేవదు. నా ఇంట్ల కష్టమొచ్చింది, అందరికీ ఎరుకే అంది. మా అక్క నా కోసం, తాగింది తనే అని నిందను మీదేసుకుంది, గసుంటి అక్కనిచ్చినందుకు దేవునికి స్తోత్రం అంది. ఆమెన్ అన్నారందరూ. చప్పట్లు. ముందు చాపల మీద కూర్చున్న నా సండే స్కూల్ పిల్లలు వెనక్కి తిరిగి నా వైపు చూసి నవ్వారు. నేను తల వంచుకున్నాను. దాన్ని వినయం అనుకున్నారు.

అది చాలదన్నట్టు బయటికొచ్చాక ఆనంద్ వచ్చాడు. దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని. గ్రేస్ చెప్పింది విన్న వదినా అన్నాడు. మీరన్న నన్ను నమ్మిన్రు, గందుకే గట్ల చెప్పిన్రు, గది చాలు నాకు అన్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

ఆటో కూడా ఎక్కకుండా సరూర్‌నగర్ నుంచి ఇంటిదాకా నడిచాను. దారిలో ఎవరో విష్ చేశారు. ఎవరో గుర్తులేదు.

జనవరి 2

అద్దంలో చూసుకుని బొట్టులేని నా ముఖం ఎంత పవిత్రంగా ఉందో అనుకున్నాను. ఛీ.

జనవరి 3, శనివారం. సాయంత్రం 5 గంటలు

ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందు రోజు, ప్రభువు బల్ల రసం పోసే కప్పులు కడగడం నా పని. వేలెడంత గాజు కప్పులు, నూట ఇరవై. చర్చి వెనక కుళాయి దగ్గర పీటలు వేసుకుని నేనూ గ్రేసూ కూర్చున్నాం. ఆమె సబ్బు పెడుతోంది, నేను కడిగి బోర్లిస్తున్నాను. అక్కడ ఇంకెవరూ లేరు.

ఆ రోజు చెప్పింది అబద్ధం గ్రేస్ అన్నాను. నాకు ఎరుకే అంది, నవ్వుతూ. కాదు, విను అన్నాను.

చెప్పాను. కడుపునొప్పి లేదు. వాసన చూడమంటే చూశాను, తాగమనకుండానే తాగాను. జామకాయ వాసనొచ్చింది అని చెప్పాను. తేనె అని చెప్పాను. నీళ్ళ చుక్కలు వేస్తే విచ్చుకుందని చెప్పాను. ఊకో అక్కా అంటూ సబ్బు పెడుతూనే ఉంది. బాగుంది గ్రేస్ అన్నాను. నాన్నను తిట్టిన నోటితోనే చెప్తున్నాను, బాగుంది, ఇంకొంచెం పోయమని నేనే అడిగాను.

చేతులు ఆగాయి. బాగుందా అని అడిగింది. బాగుంది అన్నాను.

మిగతాదంతా చెప్పాను. స్టీలు గ్లాసు ఎందుకు అడిగానో. బియ్యం డబ్బా వెనుకే ఎందుకు పెట్టానో. గుమ్మంలో నోరు తెరిచి ఎందుకు మూశానో. ఆంటీ మెసేజ్ సంగతి కూడా. గ్రేస్ ముఖంలోకి చూడకుండా కుళాయి వైపు చూస్తూ చెప్పాను, అంత ధైర్యం లేదు.

ఒక్క ప్రశ్న అడిగింది. గా బండి తాళం దాచమన్నది గందుకేనా?

అవునన్నాను. నౌకరి పోతదని కాదు. అతను ఊదితే నేను బయటపడతానని.

మంగళవారం నన్ను నమ్మలేదు. ఇప్పుడు నమ్మింది. నమ్మడం ముఖంలో కనబడింది, ఎలా కనబడిందో రాయలేను. కొట్టి ఉంటే బాగుండేది. చున్నీకి చేతులు తుడుచుకుని లేచింది. ఊదుతా అన్నడు అక్కా, అంది. నాతోని పా అన్నడు. నేనే పోనియ్యలే. అలా రెండుసార్లు అని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నవన్నీ తనని తనే అనుకుంది. నా పాపంలో ఆమెకి కూడా వాటా ఇచ్చాను.

డెబ్భై కప్పులు మిగిలాయి. కడిగి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి వాళ్ళ బ్యాగులు లేవు. కింద సెల్లార్‌లో బండి కూడా లేదు. గ్రేస్‌కి బండి రాదు. ఆనంద్ వచ్చి తీసుకెళ్ళి ఉంటాడు, పైకి రాలేదు. మంచిదే, నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

జనవరి 4, ఆదివారం

తెల్లవారగానే వెళ్ళి పాస్టర్ గారికి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆనంద్ పేరు అందరిలో పోయింది కాబట్టి అందరిలోనే తిరిగి ఇవ్వాలమ్మా అన్నారు. వివరాలు వద్దు, ఒక్క ముక్కలో చెప్పు అన్నారు.

లేచి నిలబడ్డాను. ఆ గ్లాసు నాది. ఆనంద్ ముట్టలేదు. తాగింది నేను, నింద అతని మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. అంతే చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ఎవరికీ చప్పట్లు గుర్తురాలేదు. చాపల మీది పిల్లల్లో ఒకమ్మాయి పక్కదాన్ని టీచర్ ఏం తాగిందంట అని అడగడం నేను నిలబడ్డ చోటిదాకా వినిపించింది.

పాస్టర్ గారు ఆనంద్‌ని పేరు పెట్టి ముందుకి పిలిచారు. వచ్చి మోకరించాడు. రొట్టె తీసుకున్నాడు, రసం తీసుకున్నాడు. గ్రేస్ ఆడవాళ్ళ వైపు నుంచి అతన్నే చూస్తోంది, జ్యోతిక ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. నేను వెనక బెంచీకి వెళ్ళి కూర్చున్నాను. కప్పుల పళ్ళెం నా బెంచీదాకా రాలేదు, రాకూడదు కూడా. సండే స్కూల్ బాధ్యత కుసుమకుమారి గారికి ఇచ్చారు. ఆవిడకి ఎప్పటి నుంచో కావాలి. పాపం ఇవాళ మాత్రం సంతోషించలేకపోయింది.

ఒప్పుకుంటే బరువు దిగుతుందని పదకొండేళ్ళు పిల్లలకి చెప్పాను. దిగలేదు. ఇప్పుడు నలుగురికీ తెలిసింది, అంతే తేడా.

మగవాళ్ళ వైపు చివరి బెంచీలోకి ఎబినేజర్ ఎప్పుడొచ్చి కూర్చున్నాడో చూడలేదు. అతనూ రొట్టె, రసం ముట్టలేదట. దారిలో చైతన్యపురి వచ్చాక, హోమియో అన్నవ్ గదా అన్నాడు. అన్నాను అన్నాను. నాకు చెప్తే నేనేమన్న అనేటోణ్ణా అన్నాడు. అననని తెలుసు. అందుకే చెప్పలేదేమో. ఎవరైనా నన్ను గట్టిగా ఒక మాట అనాలని ఉంది, ఈ ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు చేయలేదు నేను.

జనవరి 6

గ్రేస్ ఫోన్ ఎత్తడం లేదు. జ్యోతిక ఎత్తింది, మమ్మీ బిజీ పెద్దమ్మా అంది. డాడీ చేపల పులుసు చేస్తున్నడు అని కూడా అంది, తొందరగా పెట్టేసింది.

జనవరి 9, శుక్రవారం. మధ్యాహ్నం

ఆనంద్ ఫోన్ చేశాడు, షెడ్డు నుంచి. గ్రేస్ ఇంకా మాట్లాడనంటుంది, జర టైం ఇయ్యున్రి వదినా అన్నాడు. సరేనన్నాను. క్షమించమని అడగబోతే వద్దన్నాడు. పెట్టేయబోతూ ఆగాడు.

ఎట్లుండె వదినా అది, అని అడిగాడు.

చేదు అన్నాను. ఒట్టి చేదు. గొంతు కాలిపోయింది.

వెనక ఏదో బస్సు రివర్స్ చేస్తున్న చప్పుడు.

అబద్ధమని నాకు ఎరుకే వదినా, అన్నాడు. ఎప్పుడడిగినా గట్లనే చెప్పున్రి.

చెప్తానన్నాను.